బండ మీద ఫోను, గదిలో లినక్సు

లినక్సులో ఫోనును మోడెంగా వాడటం గురించి మా ఆయన ఈ బ్లాగులో రాశాక, అలాగే ల్యాప్‌టాప్ పట్టుకుని అరకు వెళ్లాలనుకునేవారు దారి ఎలా అని అడుగుతున్నారు. దారి సంగతి నేను రాస్తానన్నాను.

పెళ్లయిన కొత్తలో ఆయన ఆదివారం మనిషి. అరకు దగ్గర ఒక బడిలో కంప్యూటరు నేర్పే కాంట్రాక్టు ఉద్యోగం ఆయనది. నేను ఎస్.కోటలో అత్తవారింట్లో ఉండేదాన్ని. బడి జీతం కాపురానికి చాలదని, విశాఖలో ఒక ప్రెస్సుకు పుస్తకాల పేజీలు కంప్యూటరులో కట్టి పంపేవారు. వారమంతా కట్టినవి ఆదివారం ఎస్.కోట నెట్ సెంటరు నుంచి వెళ్లేవి. ప్రెస్సు యజమానికి అది ఆలస్యం. "రోజూ సాయంత్రానికి పేజీలు అందితే నువ్వు ఏ కొండ మీదున్నా నాకు ఫర్వాలేదు" అన్నారట. కొండ మీద నుంచి పేజీలు వెళితే నేనూ కాపురానికి కొండెక్కుతాను, లేకపోతే మాకు ఆదివారాలే. అందుకే ఆయన కొత్త ఫోను కొన్నారు. దాన్ని కంప్యూటరుకు కలిపితే నెట్టు వస్తుందట. షాపులో మాత్రం "మీది లినక్సా సార్? డబ్బాలో సీడీ దానికి పనిచెయ్యదు" అని తేల్చేశారు. ఆయన సీడీ పక్కన పడేసి, ఒక రాత్రంతా నల్ల తెర మీద ఏదో టైపు చేసి ఇంట్లో నెట్టు రప్పించారు. ఇక కొండ మీద సంగతి తేలాలి.

నవంబరులో ఒక సెలవు రోజున, ఆయన బడి దగ్గర అద్దెకుందన్న ఇల్లు చూడటానికి బయలుదేరాం. విశాఖలో ఉదయం బయలుదేరే కిరండూల్ పాసింజరు ఎస్.కోటకు ఎనిమిదిన్నర ప్రాంతంలో వస్తుంది. ఇద్దరి టికెట్లూ ఒక పూట భోజనం ఖరీదు కన్నా తక్కువే. కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి, లోయలన్నీ అటే ఉంటాయి. ఏడో తరగతితో ఆగిన నాకు కంప్యూటరు ఇంగ్లీషు తెలియదు. అందుకని ఫోను మీద సిగ్నలు గీతలు చూసే పని నాకిచ్చారు. సొరంగం రాగానే గీతలు పోయేవి. వెలుతురొస్తే ఒకటి, రెండు మొలిచేవి. చీకట్లో ఫోను వెలుగుకు ఆయన ముఖం నీలంగా కనిపించేది. సొరంగం అవతల పొగమంచు కిటికీలోంచి లోపలికి వచ్చి మా పక్కనే కూర్చున్నట్టుండేది. కాసేపటికి గీతలు చూడటం మరిచిపోయాను.

పదకొండుకు అరకులో దిగి సర్వీసు జీపెక్కాం, మనిషికి పది రూపాయలు. రోడ్డుకు రెండు వైపులా వలిసె పూలు, కొండ పాదాల దాకా పసుపు ఆరబోసినట్టు. డ్రైవరు మా చేతిలో సంచి చూసి అడిగాడు.

"ఇల్లు సూడ్డానికొచ్చారా మేస్టారూ?"

"ఇల్లు బాగుందట. సిగ్నలే చూడాలి."

"ఆ ఊర్లోనా? కొండెక్కితే వత్తాది, దిగితే పోతాది. సిగ్నల్‌కి అద్దె కడతారా, ఇంటికి కడతారా?"

జీపులో అందరూ నవ్వారు. నేను కొంగు సర్దుకుని కిటికీ వైపు తిరిగాను.

అది రెండు గదుల రేకుల ఇల్లు. యజమానురాలు కాఫీ తోట ఉన్న రైతు, నలభై దాటిన మనిషి. "అప్పా అని పిలు, సాలు" అంది నాతో. మా వైపు అప్ప అంటే అక్క. ఆయన ఫోనును తీగతో ల్యాప్‌టాప్‌కు కలిపారు. ఇంట్లో ఒక్క గీత కూడా లేదు. ల్యాప్‌టాప్ బ్యాటరీ పాతది, ప్లగ్గు వదిలితే ఆరిపోతుంది. ఆయన ముఖం చిన్నబోయింది. పెరట్లో ఏనుగు వీపంత బండ ఉంది. ఫోను పట్టుకుని ఎక్కి చూశాను. రెండు గీతలు! తీగ తీసేసి, ఫోనులో బ్లూటూత్ పెట్టి, గీతలు నిలబడగానే చెప్పమని ఆయన లోపలికి వెళ్లారు. ఆయన కూర్చున్న మూలకు బండ కనిపించదు.

మంచు కదిలింది, మూడు గీతలు వచ్చాయి. అరవాలి. పరాయి ఊళ్లో మొగుణ్ని ఎలా అరిచి పిలుస్తాను? గాజులు గలగలలాడించాను, వినిపించలేదు. గబగబా దిగి, గుమ్మం దగ్గరికెళ్లి "వచ్చిందండీ" అని మెల్లగా చెప్పాను. ఆయన డయల్ చేశారు. కలవలేదు. మళ్లీ ఎక్కాను, గీతలొచ్చాయి. మళ్లీ దిగి చెప్పాను.

అప్ప చూసి నడుం పట్టుకుని నవ్వింది. "ఏటే గుంటా, ఫోను సేతిలో ఎట్టుకునే దిగొచ్చేత్తన్నావు! నువ్వు దిగితే గీతలూ దిగిపోవా?"

"అరవాలంటే సిగ్గప్పా."

"కాపీ తోటలోన మాం ఒకలికొకలం కనబడం. ఇలాగ కూత్తాం." నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి "ఓ... హోయ్" అంది. "పేరెట్టక్కర్నేదు. ఊరికే కూతెయ్యి."

వేశాను.

"పిల్లికూనకి జొరమొచ్చినట్టుంది. గట్టిగా!"

మూడు గీతలు మళ్లీ కనిపించాయి. కళ్లు మూసుకుని, ఊపిరంతా తీసి వేశాను. ఎదుటి వాలులో కాఫీ పళ్లు కోస్తున్న ఆడవాళ్లు ఎవరో "ఓ... హోయ్" అని బదులిచ్చారు. వాళ్ల వెనక కొండ నుంచి ఇంకెవరో. నాకు ఒళ్లు ఝల్లుమంది. ఫోను బండ మీద పెట్టి పక్కనే కూర్చున్నాను. తెర మీద రెండు చిన్న బాణాలు, ఒకటి పైకి, ఒకటి కిందికి, మెరుస్తూ ఉన్నాయి. పేజీలు వెళ్తున్నాయి. తోటలోని సిల్వర్ ఓక్ చెట్ల నీడ నా మోకాళ్ల మీదికి వచ్చేదాకా వెళ్తూనే ఉన్నాయి.

ఆయన చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి బండ కింద నిలబడ్డారు. "ప్రెస్సు నుంచి జవాబొచ్చింది. అందాయట. రోజూ ఇలాగే పంపమన్నారు."

అప్ప మాకు రాగులతో కాచిన చోడంబలి ఇస్తూ అడిగింది. "ఐతే ఎప్పుడొత్తారు?"

ఆయన నా వైపు చూశారు. "వచ్చే ఆదివారం అప్పా" అన్నాను నేనే. కాస్త గట్టిగానే వచ్చింది మాట.

దూరం అంటే మైళ్లనుకునేదాన్ని. సాయంత్రం బండిలో మళ్లీ అవే సొరంగాలు దాటుతుంటే, ఒకరు పిలవడానికీ ఇంకొకరు వినడానికీ మధ్య ఉండేదే దూరమేమో అనిపించింది. మీరు వెళ్లేటట్టయితే ఒక్క జాగ్రత్త తీసుకోండి. లినక్సులో ఫోను ద్వారా డయల్ చేసే ప్రోగ్రామును ఇంటి దగ్గరే దింపుకుని, ఒకసారి కలిపి చూసుకుని బయలుదేరండి. నెట్టు కలిపే ప్రోగ్రాము దొరికేది నెట్టులోనే, కొండెక్కాక దానికోసం మళ్లీ దిగాలి. ఆయన నేర్పిన తెలుగు టైపుతో ఇది ముగించేసరికి ఇక్కడ కొండ మీద మంచు విడుతోంది. ఆయన ప్లగ్గు దగ్గర సిద్ధంగా ఉన్నారు. ఇది మీకు చేరాలి కదా, నేను బండ ఎక్కి కూతేసి వస్తాను.