కోటాయన తలకు నూనె

హోటల్లో గదుల తాళాలిచ్చే కౌంటరు దగ్గర ఏళ్ల తరబడి నల్లకోటు వేసుకుని నిలబడ్డాడు గనక అందరూ ఆయన్ని కోటాయన అనేవారు. చిరునవ్వుకు ఢోకా లేదు గానీ, కోటు భుజాల మీద చుండ్రు రాలడం మొదలైంది. జ్వరమొస్తే అయ్యో పాపమనే లోకం చుండ్రును చూస్తే నవ్వుతుంది. దీనితో వచ్చిన తంటా అదే.

"ఏం కోటాయనా, మీ వీధిలో మంచు పడుతోందా?" అని సామాన్లు మోసేవాళ్లు ఆటపట్టించారు. ఆయనా నవ్వేసి భుజాలు దులుపుకున్నాడు. మేనేజరు మాత్రం నవ్వలేదు.

"నెలాఖరులోగా తగ్గించుకోండి. లేదంటే వెనకాల దుప్పట్ల గదికి మార్చేస్తాను," అని మొహం మీదే చెప్పేశాడు.

ఇంట్లో సంగతి వేరు. కూతురు జ్వరంతో పోయినప్పటి నుంచి భార్య మాట్లాడటమే మానేసింది. వండేది, వడ్డించేది, గోడవైపు తిరిగి పడుకునేది. ఒకరోజు ఆయన తల గోక్కుంటుంటే చూసి, "అయ్యో, మాడు ఎండిపోయి బీటలు వారిందండీ!" అంది. పాప పోయాక ఆమె నోట వచ్చిన మొదటి నిండుమాట అది.

ఆనాటి నుంచి ఆయన పని నుంచి రాగానే వంటింటి గుమ్మం దగ్గర పీట వేసేది. గోరువెచ్చటి కొబ్బరినూనె మాడుకు పట్టించి, పేల దువ్వెనతో పొట్టు గీకి, మళ్లీ నూనె పెట్టేది. తెల్లారేదాకా కడుక్కోనిచ్చేది కాదు. మర్దన చేస్తూ కబుర్లు చెప్పేది. పక్కింటివాళ్ల గొడవ, పొంగిపోయిన పాలు, చివరికి పాప అలకల గురించి కూడా. ఆయన కళ్లు మూసుకుని ఊఁ కొట్టేవాడు. ఆ కాసేపూ ఇల్లు ఇల్లులా ఉండేది.

చుండ్రు మాత్రం తగ్గకపోగా ముదిరింది. ఎర్రబడ్డ మాడు మీద జిడ్డుగా పొరలు కట్టింది.

"ఇది ఎండిపోవడం కాదండీ, జిడ్డుకి పెరిగే చుండ్రు," అన్నాడు చర్మం డాక్టరు. "రాత్రంతా నూనె ఉంచితే దానికి మేత వేసినట్టే. గీకడం ఆపండి, నూనె మానండి, ఈ మందు షాంపూ వాడండి."

కోటాయన ఆ సీసాను కోటు జేబులో పెట్టుకుని తిరిగాడే తప్ప ఇంట్లో బయటికి తీయలేదు. తీస్తే ఆ కబుర్లు ఆగిపోతాయని భయం. తీయకపోతే కౌంటరు పోతుంది. నెలాఖరు దగ్గరపడ్డాక మేనేజరు ఆయన భుజం వైపు చూసి పెదవి విరిచాడు. ఆ సాయంత్రం పీట ముందు నిలబడి కోటాయన జేబులోంచి సీసా బయటికి తీశాడు.

"నీ తప్పేం లేదు గానీ... డాక్టరు నూనె వద్దన్నాడు. దానివల్లే ఎక్కువవుతోందట."

ఆమె నూనె గిన్నె కింద పెట్టింది. చేతులు తువ్వాలుతో తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది.

"పాపకి తడిగుడ్డ వేసిందీ నేనే కదండీ. నా చెయ్యి పడితే ఏదీ బాగుపడదు."

"అవేం మాటలు! పాపకొచ్చిన జబ్బే అలాంటిది. నువ్వేం చేస్తావు?" అని ఆయన ఎంత మొత్తుకున్నా ఆమె పీట తీసి గోడకి ఆనించేసింది.

షాంపూ పనిచేసింది. పనిచేయకపోయినా బాగుండేదని ఆయన కుమిలిపోయాడు. మాడు నున్నబడింది, కోటు నల్లగా నిగనిగలాడింది, మేనేజరు భుజం తట్టాడు. ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు.

ఒక సాయంత్రం ఇక తట్టుకోలేక ఆయనే నూనె వేడిచేసి, పీట వేసుకుని కూర్చున్నాడు. "కాస్త పట్టించవే. ఉద్యోగం పోతే పోనీ," అని బతిమాలాడు.

ఆమె దగ్గరకొచ్చింది. చేతులు ఆయన తల దాకా చాచి, తాకకుండానే వెనక్కి తీసుకుంది.

"ఇప్పుడు బాగయింది కదండీ," అంది. "మళ్లీ నా చెయ్యెందుకు?"