లేని ఏడో అధ్యాయం

ఒక మాయాలోకం నవలల వరుసలో మొదటి పుస్తకం చదువుతుంటే ఆరో అధ్యాయం తర్వాత ఎనిమిదోది వచ్చింది. నాకు ఒళ్లు మండింది. పుస్తకం కొన్న వనపర్తి దుకాణానికి వెళ్లి గొడవ పెట్టుకున్నాను. దుకాణం ఆయన ఇంకో ప్రతి తీసి చూపించాడు. అందులోనూ ఏడోది లేదు.

"రాసినాయన్ని అడుగు మేడం, నన్నంటే నేనేం జేస్త?" అన్నాడు. గొణుక్కుంటూ వచ్చేశాను.

నేను చదివేది దవాఖానలో, డయాలిసిస్ మంచం మీద. ఎడమచేతికి సూదులు గుచ్చి గంటల తరబడి పడుకోబెడతారు. కుడిచేయి ఖాళీయే కాబట్టి పుస్తకం పట్టుకుంటాను. పక్క మంచం పెద్దమ్మది ఖిల్లా ఘణపూర్, పల్లి పండించే ఇల్లు. మొదటిసారి వచ్చిన రోజు ఆమె చలికి గడగడ వణికిపోతుంటే నా దుప్పటి తీసి కప్పించాను. అప్పటినుంచి నేను చదివిన కథ ఆమెకు చెప్పడం అలవాటైంది.

కథలో ఒక ఎడారి నగరం ఉంది. అక్కడ నీళ్లు డబ్బుకు దొరకవు. కడవెడు నీళ్లకు మన బతుకులోంచి ఒక రోజు ఇచ్చుకోవాలి. ఇచ్చిన రోజు ఇక మనకు గుర్తుండదు. మా ఇద్దరికీ ఈ భాగం మహా ఇష్టం. డాక్టర్లు నీళ్లు తగ్గించమన్నారని గుక్క గుక్కకూ లెక్క చూసుకుని తాగేవాళ్లం మరి.

"నేనైతే ఈడికొచ్చిన మొదటి దినం ఇచ్చేస్త బిడ్డా. కడవ ఎత్తి తాగుత," అంది పెద్దమ్మ.

రెండో పుస్తకం నిండా యుద్ధమే. కథానాయికా, ఉప్పుకోట రాణీ ఒకరి ఊళ్లు ఒకరు తగలబెట్టుకున్నారు. రాణికి అంత పగ ఎందుకో రచయిత చెప్పలేదు. పెద్దమ్మ రాణిని నోరారా తిట్టింది.

ఒకరోజు ఆమె కథ అడగలేదు. "వచ్చేవారం సంది నేను రాను. కొడుకు పని ఇడిసిపెట్టి నన్ను బండి మీద తెస్తుండు. ఇట్ల ఎన్నొద్దులు?" అంది.

"రాకపోతే ఏమైతదో తెల్వదా నీకు?" అని కసిరాను.

"తెల్సు," అంది. అంతే.

నాకు భయమేసింది. కొత్తగా వచ్చిన మూడో పుస్తకం తెరిచి చదువుకుంటూ పోయాను. నడిమధ్యలో, మొదటి పుస్తకంలో లేని ఏడో అధ్యాయం ప్రత్యక్షమైంది. నేను ఎగిరిపడ్డాను. మెషిన్ కూత పెట్టింది, సిస్టర్ వచ్చి చీవాట్లు పెట్టింది.

అది కథానాయిక నీళ్లకు ఇచ్చేసిన రోజు. ఆ రోజు ఎడారిలో పడిపోయిన ఆమెను వీపున మోసుకొచ్చి బతికించింది ఉప్పుకోట రాణే. తర్వాత రాణి ఆశగా ఎదురొస్తే ఈమె "ఎవరు నువ్వు?" అంది. పగ అక్కడ పుట్టింది. ఆమెకు గుర్తులేని రోజు కాబట్టి మొదటి పుస్తకంలో మనకూ లేదు. దుకాణంలో నేను పెట్టిన గొడవను కూడా ఆ రచయిత ముందే ఊహించి ఉంటాడు. ఇంత చక్కగా మోసపోయినందుకు నాకు పట్టరాని సంతోషమైంది.

అంతా పెద్దమ్మకు చెప్పాను.

"అయితే ఆ మొదటి దినం నేనియ్య," అంది.

"ఎందుకు?"

"అది పోతే నీ దుప్పటి గూడ పోతది గద. నిన్ను సూసి 'ఎవరు నువ్వు' అంట."

నాకు ఏడుపొచ్చింది. పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

"నాలుగోది ఎప్పుడొస్తదంట?" అంది పెద్దమ్మ.

"తెల్వదు పెద్దమ్మా. ఇంకా రాస్తున్నడంట."

"అది వచ్చేదాంక వస్త తియ్యి."

ఒక్క అధ్యాయం లేదని దుకాణం మీద పడి అరిచినదాన్ని, ఇప్పుడు ఆ నాలుగో పుస్తకం ఎంత ఆలస్యమైతే అంత మంచిదని మొక్కుకుంటున్నాను.