డబ్బా మీది బొట్టు

పెద్ద టెలిస్కోపు కోసం మేము తయారుచేస్తున్న కెమెరా మన కంటికి అందని పరారుణ కాంతిని ఫొటో తీస్తుంది, ఆ కాంతిని పట్టీలుగా విడదీసి కూడా చూపిస్తుంది. దానికి ప్రాణంలాంటి లెన్సును హైదరాబాదు నుంచి బెంగళూరులోని మా ల్యాబుకు కారులో నేనే తీసుకెళ్లాను. స్ఫటికంతో చేసిన లెన్సు అది. గట్టిగా కుదిపితే చాలు, కంటికి కనపడని పగులు వస్తుంది. అందుకే డబ్బా మీద చిన్న తెల్ల బిళ్ల అంటించారు. దెబ్బ తగిలితే అది ఎర్రగా మారుతుంది. దారి పొడుగునా వెనక్కి తిరిగి ఆ బిళ్లనే చూస్తూ కూర్చున్నాను. స్పీడ్ బ్రేకర్ వస్తే డ్రైవరు కన్నా ముందు నా కాలే బ్రేకు తొక్కేది.

ఎర్రవల్లి చౌరస్తా ఇంకాస్త దూరముందనగా కారు ఒక గుంతలో పడి ఎగిరింది. వెంటనే చూసే ధైర్యం లేక, దిగాక చూద్దామనుకున్నాను.

చౌరస్తాలో మా మేనత్త గద్వాల నుంచి దారిలో నాకు తినడానికి సద్ది పట్టుకొని వచ్చి నిలబడి ఉంది. నేను మొహం కడుక్కొని వచ్చేసరికి డబ్బాకు బొట్టు పెట్టేసింది. సరిగ్గా ఆ తెల్ల బిళ్ల మీదే!

"గుండ్రంగ జాగ విడిచిండ్రు గద బిడ్డా, బొట్టుకే అనుకున్న. మగ్గం దిగిన చీరకు గూడ మేం బొట్టు పెట్టే పంపుతం" అంది.

నేను ఆ బొట్టు వైపే చూస్తుండిపోయాను. కుంకుమ కింద తెలుపుందో ఎరుపుందో ఎలా తెలియాలి? ఆమె ముందు తుడవలేను. పోనీ, ఆమె వెళ్లిపోయాకైనా తుడవొచ్చు కదా! అలంపూర్ చౌరస్తా దాటింది, కర్నూలు దాటింది, తడిగుడ్డ నా చేతిలోనే ఉండిపోయింది. ఇంత చదువు చదివి బొట్టు చెరపడానికి భయమా అని నన్ను నేనే తిట్టుకున్నాను. బొట్టుకు కాదు, దాని కింద ఉన్నదానికి భయం.

ల్యాబులో మా సారు గుడ్డ తీసుకొని తుడిచారు. ఎంత తుడిచినా ఎరుపు పోలేదు; అది కుంకుమ మరకో, బిళ్లే ఎర్రబడిందో తేలలేదు. డబ్బా తెరిస్తే లెన్సు చక్కగానే కనిపించింది. లోపల పగులుంటే మాత్రం, కెమెరాను గడ్డకట్టే చలికన్నా ఎంతో కిందికి చల్లబరిచినప్పుడే బయటపడుతుంది. ఆ రోజు వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు.

చల్లబరిచాం. లెన్సు నిలిచింది. బయటికొచ్చి, ఎందుకో మొదట అత్తకే ఫోన్ చేశాను.

"పగల్లేదు అత్తమ్మా" అన్నాను. పగులు సంగతి ఆమెకు అసలు చెప్పనేలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఏం పగల్లేదో కూడా అత్త అడగలేదు.

"ఆ దినం నువ్వు బొట్టు దిక్కు చూసిన చూపుకే నా పానం పోయింది బిడ్డా. ఏం తప్పు చేసిన్నో అడుగనీకె భయమై, అప్పటిసంది నిద్ర లేదు. ఇగ పండుకోనా?"