పేరంటాలు కొడుకు ఉద్యోగం

మా ఊరి పేరు రాయను. రాస్తే నా గుమ్మం ముందు నాలుగు మోటారు సైకిళ్ళు ఆగుతాయి. బాపట్ల బస్సు, రేపల్లె బస్సు రెండూ ఆగే ఊరు, మున్సిపాలిటీ ఉన్న ఊరు అనుకోండి, చాలు. అక్కడి హైస్కూల్లో ఇరవై తొమ్మిదేళ్ళు తెలుగు చెప్పాను. నా పేరు సీతారామాంజనేయులు. చెప్పబోయేది మాత్రం పేరంటాలు కథ. అందులో నా చేతిరాత కూడా ఉంది కాబట్టి ఇన్నేళ్ళయినా కడుపు మండుతూనే ఉంది.

పేరంటాలు చేపలమ్మేది. పొద్దున్నే సముద్రం వైపు నుంచి వచ్చే ఆటో దగ్గర సరుకు దించుకుని ఎండెక్కేదాకా మార్కెట్లో కూర్చునేది. మనిషి సన్నం, గొంతుకు మైకు అక్కర్లేదు. నేను నీచు ముట్టనని తెలుసు. అయినా అటుగా వెళ్తే చాలు, "సారూ, ముక్కు మూసుకుని పోండి, మైలపడతారు!" అని అరిచి, పక్కవాళ్ళతో కలిసి నవ్వేది.

మొగుడు సింగయ్య పడవ మీద వేటకెళ్ళినవాడు. మార్కెట్లో బస్టాండు బ్యాచి అనే రౌడీమూక తట్టకింత అని మామూలు గుంజేది. ఒకరోజు సింగయ్య "ఎందుకియ్యాలి?" అన్నాడు. అంతే, ఇనుప రాడ్డుతో మోకాలిచిప్ప పగలగొట్టారు. మార్కెట్లో అంతమంది ఉన్నారు, చూసినవాడు ఒక్కడూ లేడు. అప్పటి నుంచి ఆయన మురుగుకాలవ గట్టు మీది గుడిసెలో నులకమంచం మీద కూర్చుని ఊళ్ళోవాళ్ళ వలలు బాగుచేసేవాడు.

ఆ గుడిసె ఆయన కట్టిందే. ఒక్క మేకు లేదు. వెదురు, తాటాకు, వలతాడు, అంతే. ఒక తుపానులో గట్టు మీది కప్పులన్నీ లేచిపోతే ఇదొక్కటీ కదల్లేదు. ఆ తర్వాత సగం గుడిసెలకు సింగయ్య చేతనే ముళ్ళు వేయించుకున్నారు. అంత పనివాడు కన్నకొడుకు గంగాధర్‌కి మాత్రం ఒక్క ముడీ నేర్పలేదు. "ఈ పని నాతోనే పోవాలి సార్. ఆడు కుర్చీలో కూచోవాలి" అనేవాడు.

గంగాధర్ నా దగ్గర చదివినవాడే. పద్యం గొంతెత్తి చదివితే పక్క క్లాసు పిల్లలు కూడా వినేవాళ్ళు. బి.కాం. పాసయ్యాడు. ఆ తర్వాత మూడేళ్ళు తిరిగాడు. పొన్నూరు రైసుమిల్లుల్లో అడిగాడు, తెనాలి బట్టలకొట్లలో అడిగాడు. రేపు రా అన్నవాళ్ళే అందరూ. చివరికి బస్టాండు టీకొట్టు దగ్గర నిలబడటం మొదలెట్టాడు. ఊరికే నిలబడేవాణ్ణి బ్యాచి ఎన్నాళ్ళు వదిలేస్తుంది? మొగుడి కాలు విరగ్గొట్టిన చేతుల్లోంచి టీ గ్లాసు అందుకుని కొడుకు తాగడం పేరంటాలు కళ్ళారా చూసింది. ఆ రోజు నుంచి ఆమెకు వేరే ధ్యాస లేదు. వాణ్ణి అక్కణ్ణించి లాగెయ్యాలి. దానికో ఉద్యోగం కావాలి.

అది రెండువేల సంవత్సరం. మున్సిపల్ ఎన్నికలొచ్చాయి, ఛైర్మన్‌కీ నేరుగా మనమే ఓటెయ్యాలి. మా ఊళ్ళో ముగ్గురు నిలబడ్డారు.

మిల్లు ప్రకాశం గారు గట్టు మీదకొచ్చి మైకు పట్టుకున్నారు. ప్రతి కుటుంబానికీ పక్కా ఇల్లట, ఇంటికో ఉద్యోగమట, రౌడీల పీచమణిచేస్తారట. ఆ పీచం మాట దగ్గర ఈలలు వేసి గోల చేసింది ఎవరనుకున్నారు? ఆయన వెనక మోటారు సైకిళ్ళ మీదున్న బస్టాండు బ్యాచే! సిగ్గన్నా ఉండక్కర్లా! డాక్టరు ప్రమీలారాణి గారు రెండు గదుల ఇళ్ళన్నారు, కుట్టుమిషన్లన్నారు. రౌడీల సంగతేంటమ్మా అంటే "వాళ్ళూ మన పిల్లలేగా, మంచిమాటలతో మారుద్దాం" అన్నారు. ఆవిడ జీపు చుట్టూ ఉన్నది ఊళ్ళో రెండో రౌడీమూక, రైలుకట్ట బ్యాచి.

మూడో ఆయన సాంబశివరావు గారు, రిటైరైన లెక్చరరు. సైకిల్ మీద వచ్చాడు. "ఇళ్ళస్థలాలు మున్సిపాలిటీ చేతిలో లేవు. పైవాళ్ళని అడుగుతాను, ఇస్తారని చెప్పలేను. ఉద్యోగాలు ఖాళీ లేవు. రౌడీలు ఎవరి మనుషులో మీకూ తెలుసు. మున్సిపల్ కాంట్రాక్టులు వాళ్ళకి పోకుండా మాత్రం పట్టుబట్టగలను" అన్నాడు. గట్టంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. నా మొహం, నాకేదో పెద్ద తెలిసినట్టు!

నిలబడ్డ ముగ్గురికీ ఇవ్వడానికి గట్టువాళ్ళందరూ కలిసి నాచేత అర్జీ రాయించుకున్నారు. పట్టాలు, మార్కెట్లో మామూళ్ళు, పిల్లలకు ఉద్యోగాలు, మూడూ రాశాను. మర్నాడు పేరంటాలు ఒక్కతే వచ్చింది. చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి, అరుగు మీద దూరంగా కూర్చుంది.

"నాకు ఇంకో కాయితం రాయండి సారూ. మూడడిగితే ఒక్కటీ రాదు. ఇల్లా, నాకుంది. ఆ ఎదవల సంగతి గంగమ్మే చూసుకుంటది. మా పిల్లోడికి ఉద్యోగం, అదొక్కటే రాయండి."

"అందరితో కలిసి అడిగావుగా అమ్మా, మళ్ళీ విడిగా ఏంటి?"

"మీకు పిల్లలుంటే ఆ మాట అడగరు సారూ."

నాకు పిల్లలు లేరు. రాసిచ్చాను.

ఓట్లడగడానికి ఇంటింటికీ వచ్చినప్పుడు ముగ్గుర్నీ పేరంటాలు గుమ్మంలో నిలబెట్టి ఆ కాయితం చూపించింది. గంగమ్మ పటం ముందు తమలపాకు, దాని మీద వెలిగించిన కర్పూరం. మా పిల్లోడికి ఉద్యోగం ఇప్పిస్తానని ఆర్పి ఒట్టెయ్యండి, మా ఇంటి ఓట్లు, మా చుట్టాల ఓట్లు మీకే అంది. కర్పూరం ఆర్పి చేసిన ప్రమాణం తప్పితే వంశం నిలవదని మా వైపు నమ్మకం, ఎంతటివాడైనా జంకుతాడు. ప్రమీలారాణి గారు చటుక్కున ఆర్పి చెయ్యి విదిలించుకుంది. ప్రకాశం గారైతే అరచెయ్యి మంట మీద పెట్టి, చురుక్కుమన్నా తియ్యలేదు. "నీ కొడుకు నా కొడుకమ్మా" అన్నాడు. పేరంటాలు కళ్ళు తుడుచుకుంది. సాంబశివరావు గారు మాత్రం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నా చేతిలో లేనిదాని మీద ఒట్టు వెయ్యలేనమ్మా."

"అట్టాగా అండి. అయితే దండం, ఎళ్ళిరండి."

ప్రకాశం గారు గెలిచారు. సాంబశివరావు గారికి డిపాజిట్ కూడా దక్కలేదు. రెండు నెలలు తిరక్కుండా గంగాధర్‌కి ఉద్యోగం వచ్చింది. మున్సిపాలిటీ పనులు చేసే కాంట్రాక్టరు కింద సూపర్‌వైజరు. జేబుకు కార్డు, ఇస్త్రీ చొక్కా. పేరంటాలు అరకిలో మైసూరుపాకు పట్టుకుని పరుగున వచ్చింది.

"చూశారా సారూ, కర్పూరం ఊరికే పోద్దా! ఆయన దేవుడండి, దేవుడు!"

ఆ కాంట్రాక్టరు ఎవరో నాకు తెలుసు. బస్టాండు బ్యాచికి పెద్ద, చొక్కా మార్చుకుని కాంట్రాక్టరయ్యాడు. చెబుదామనుకున్నాను. ఆమె మొహం చూశాను. మైసూరుపాకు తిన్నాను. నేనింతే, పిరికివాణ్ణి.

వానాకాలం మొదట్లో తాఖీదులొచ్చాయి. కాలవ వెడల్పు చేస్తారట, గట్టు మీది అరవై గుడిసెలూ తీసెయ్యాలట. స్థలాలు తర్వాత చూస్తారట, ముందు ఖాళీ చెయ్యాలట. జనం నాలుగు రోజులు గట్టుకు అడ్డంగా కూర్చున్నారు. ఐదోరోజు పొద్దున ట్రాక్టరొచ్చింది, గునపాలతో పాతికమంది దిగారు. ముందు నడుస్తున్నవాడు గంగాధర్. జేబుకు కార్డుంది. అతను తిన్నగా తన గుడిసె దగ్గరికే వచ్చాడు. ముందు నీ ఇల్లు పీకితే మిగతావాళ్ళు నోరెత్తరని చెప్పి పంపారట. నేనక్కడే ఉన్నాను. కాయితం రాసినవాణ్ణి, పోకుండా ఎలా ఉంటాను?

"అమ్మా, సామాను బయట పెట్టుకో" అన్నాడు.

"ఏంటిరా?"

"నేను పీకకపోతే ఆళ్ళు పీకుతారు. ఆళ్ళయితే నరికేత్తారు. నేనయితే ఆకూ తాడూ దక్కుతాయి."

"ఉద్యోగం మానెయ్యరా, నీకు దండం పెడతా! నేనే చేపలమ్మి సాకుతా నిన్ను!"

"మానేత్తే ఊరుకుంటారా? నాన్న కాలు చూసి కూడా అడుగుతున్నావా?"

"గంగమ్మ ముందు ఒట్టేశాడురా ఆయన!"

"ఒట్టు తప్పలేదుగా అమ్మా. ఉద్యోగమిచ్చాడుగా."

పేరంటాలు నా వైపు తిరిగింది. "మీరన్నా చెప్పండి సారూ" అంది. ఊరంతా వినపడే ఆ గొంతు నాలుగడుగుల దూరంలో ఉన్న నాకే సరిగ్గా వినపడలేదు. ఏం చెప్పమంటారు? ఇల్లొద్దు, రౌడీల సంగతి వద్దు, ఉద్యోగం ఒక్కటే చాలని రాసింది నేనే.

పేరంటాలు లోపలికెళ్ళి గిన్నెలు, గంగమ్మ పటం తెచ్చుకుంది. మంచంతో సహా సింగయ్యను ఇద్దరు పట్టుకొచ్చి గట్టు మీద పెట్టారు. గంగాధర్ కప్పెక్కాడు. తాడు లాగితే ముడి ఇంకా బిగుసుకుంది. మళ్ళీ లాగాడు. గోరు లేచిపోయి రక్తం కారింది. కిందనున్నవాళ్ళు నవ్వుతూ, "సూపర్‌వైజరూ, కత్తియ్యమంటావా?" అని అరిచారు.

మంచం మీదున్న సింగయ్య అప్పుడు తలెత్తాడు.

"అట్టా లాగితే రాదురా. ఆ కొస పట్టుకుని లోపలికి తొయ్యి... ఆఁ, అంతే. ఇప్పుడు ఇటేపు లాగు."

ముడి ఊడింది.

"రెండోది కూడా అట్టాగే. కంగారు పడమాక."

కొడుకు విప్పుతున్నాడు, తండ్రి చెబుతున్నాడు, పేరంటాలు ఒక్కో ఆకూ అందుకుని పక్కన పేరుస్తోంది. అది చూసి గట్టువాళ్ళు ఒక్కొక్కరే లేచి తమ తమ సామాన్లు బయట పెట్టుకోసాగారు. ఎవరూ ఏడవలేదు. నాకే ఏడుపాగలేదు.

మధ్యాహ్నానికి గంగాధర్‌కి చెయ్యి కుదిరింది. పక్క గుడిసెకు సింగయ్య వేసిన ముళ్ళను తండ్రి చెప్పకుండానే విప్పేశాడు. కుర్రాడు పని భలే పట్టేశాడని ట్రాక్టరు దగ్గర ఎవరో మెచ్చుకున్నారు.