డాక్టరమ్మ గారి కారులో ఎడమ చక్రం చప్పుడు

దెయ్యాలూ గాలులూ నేను నమ్మను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ముప్పై ఏళ్లు బళ్ల కింద పడుకుని బతికినవాణ్ణి. బండిలో చప్పుడొచ్చిందంటే ఏదో ఒకటి అరిగి ఉండాలి, వదులై ఉండాలి, లేదా విరిగి ఉండాలి. నాలుగో కారణం ఉండదు. ఈ సంగతి ఎవరికైనా చెప్పడానికి ఇన్నేళ్లు వెనకాడింది కూడా అందుకే.

ఎనభైల మొదట్లో మాట. రాజోలులో కాలవ గట్టు పక్కన నాకో చిన్న షెడ్డు ఉండేది. మా ఊళ్లో ఒక డాక్టరమ్మ గారు ఉండేవారు. యాభై దాటిన మనిషి. పల్లెల్లో కాన్పులకు ఆవిడే కారు నడుపుకుంటూ వెళ్లేవారు.

ఒక బుధవారం ఆవిడ షెడ్డుకొచ్చారు. "దాసు గారూ, ముందు ఎడమ చక్రం దగ్గర ఎవరో సుత్తితో కొడుతున్నట్టుందండీ. స్టీరింగు కూడా వణుకుతోంది" అన్నారు.

నడిపి చూశాను. నిజమే. స్పీడు నలభై దాటగానే టక్, టక్ అని రెండు దెబ్బలు, కాస్త ఆగి మళ్లీ రెండు. కుడిచేతి మలుపులో బరువంతా ఎడమ చక్రం మీద పడ్డప్పుడు చప్పుడు పెరిగి, ఆ వణుకు నా మోచేతుల దాకా వచ్చేది.

జాకీతో లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాను. కదలిక ఉంటే బ్రేకు తొక్కించి మళ్లీ ఊపుతాం. అప్పుడు కదలిక పోతే తప్పు బేరింగుది, పోకపోతే చక్రం పక్కలకి తిరగడానికి ఆధారమైన కింగ్‌పిన్నుది. డాక్టరమ్మ గారు బ్రేకు మీద కాలు పెట్టుకుని సిద్ధంగా కూర్చున్నారు గానీ ఆ అవసరమే రాలేదు. చక్రం వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

మర్నాడు ఎడమ చక్రం కుడికి, కుడిది ఎడమకి మార్చాను. చప్పుడు ఎడమ వైపే ఉంది. కొత్త బేరింగులు వేశాను. అయినా ఉంది. శుక్రవారం ఆవిడ స్టెతస్కోపు పట్టుకొచ్చి, చీర చెంగు దోపుకుని స్టూలు మీద కూర్చున్నారు. నేను చక్రం తిప్పుతుంటే ఆవిడ విన్నారు.

"ఏమీ లేదండీ. నా దగ్గరికొచ్చేక నొప్పి తగ్గిపోయిందనే పేషెంటులా ఉంది మీ చక్రం" అన్నారు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. ఇలా ఓడిపోవడం నాకు అలవాటు లేదు.

శనివారం సాయంత్రం, ఊళ్లో కిరాయి బండి తిప్పే సూర్రావు తన వ్యాను తెచ్చాడు. సోమవారం పొద్దున్నే పెళ్లివాళ్లను సఖినేటిపల్లి రేవు దాటించి నరసాపురం తీసుకెళ్లాలి. ముందు ఎడమ బేరింగు మూలుగుతోందన్నాడు. పాతది ఇరుసుకి పట్టేసి ఉంటే ఉలి పెట్టి కొట్టి ఊడదీశాను. ఇరుసు మొదట్లో సన్నటి గీత కనిపించింది. ఉలి గీసుకుందేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే అనుకోలేదు, అనుకుందాం అనుకున్నాను. చీకటి పడుతోంది. దాని మీద గ్రీజు పూసి, కొత్త బేరింగు వేసి పంపేశాను.

సోమవారం పొద్దున్న సూర్రావు షెడ్డు ముందు నుంచి చెయ్యి ఊపుకుంటూ వెళ్లాడు. వ్యాను నిండా పెళ్లికూతురూ, చుట్టాలూ. ఆ సమయానికి నేను, డాక్టరమ్మ గారు పక్కన స్టూలు మీద కూర్చుని చూస్తుంటే, ఆవిడ కారు చక్రం మళ్లీ విప్పుతున్నాను. అనుమానించాల్సింది ఇంకొకటే మిగిలింది, చక్రాన్ని మోసే ఆ పొట్టి ఇరుసు. అది పగులుతుంటే ఇలాగే కొడుతుంది. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, దాని మొదట్లో గోరుతో రాసి చూశాను. నున్నగా ఉంది.

గోరు అక్కడుండగానే శనివారం చూసిన గీత కళ్ల ముందుకొచ్చింది. అది ఉలి గీత కాదు, పగులు.

గబగబా చక్రం బిగించి, డాక్టరమ్మ గారికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ కారు తలుపు తీశారు. "ఎక్కండి" అన్నారు.

రేవు దాకా దారి పొడుగునా ఆ కారు ఎన్నడూ లేనంతగా కొట్టింది. కాళ్ల కింద రేకు అదిరింది. "ఆపమంటారా?" అని ఆవిడ ఒకసారి అడిగారు. "వద్దండీ, ఇందులో తప్పేమీ లేదు" అన్నాను. నా మాట నాకే వింతగా వినిపించింది.

మేం చేరేసరికి పంటు రేవుకొచ్చి ఆగింది. పంటు అంటే బళ్లను గోదావరి దాటించే పడవ. దాంట్లోకి దిగడానికి ఏటవాలు దారి. సూర్రావు వ్యాను ఆ దారి పైన, దిగడానికి సిద్ధంగా ఉంది. నేను పరిగెత్తి ముందు నిలబడ్డాను.

పెళ్లికూతురి తండ్రికి కోపమొచ్చింది. "ఇది పోతే మళ్లీ పంటు ఎప్పుడొస్తుందో! ముహూర్తానికి వెళ్తుంటే అడ్డమేంటండీ?"

"తప్పు నాదండీ. చూసి కూడా వదిలేశాను. దయచేసి అందరూ దిగండి."

సూర్రావు నమ్మలేదు. "అదేంటండీ, బండి నున్నగా వచ్చింది. చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా లేదు" అన్నాడు.

డాక్టరమ్మ గారు వీల్‌నట్టు స్పానరు అందించారు. చక్రం, హబ్బు తీసి, ఇరుసు మీద సుత్తితో ఒక్క దెబ్బ, గట్టిగా కూడా కాదు, తగిలించాను. అది విరిగి ఇసకలో పడింది. విరిగిన చోట ముప్పాతిక భాగం పాతబడి నల్లగా ఉంది. మెరుస్తున్నది పావు భాగమే. అంతమందినీ మోసుకొచ్చింది ఆ పావు భాగం. ఏటవాల్లో విరిగితే వ్యాను నేరుగా గోదావరిలోకి వెళ్లేది.

పెళ్లికూతురి తండ్రి ఆ ముక్కను చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. నన్ను కొడతారేమో అనుకున్నాను. "ఆయ్, బండి వదిలేసి మనుషులం పడవలో వెళ్లిపోతాం" అని మాత్రం అన్నారు. పెళ్లి ఆలస్యమైనా జరిగింది.

తిరిగొచ్చేటప్పుడు డాక్టరమ్మ గారు కుడి మలుపులన్నీ కావాలని వేగంగా తిప్పారు. ఏమీ లేదు. స్టీరింగు నీళ్లలో తెడ్డులా తిరిగింది. ఆ తర్వాత తొమ్మిదేళ్లు ఆ కారు పనంతా నేనే చేశాను. ఆ చప్పుడు మళ్లీ రాలేదు.

నా తప్పే నా చెవుల్లో మోగిందని సర్దిచెప్పుకోవచ్చు. కానీ తప్పు చేసింది శనివారం. ఆవిడ చప్పుడు విని నా దగ్గరికొచ్చింది బుధవారం. అప్పటికి ఆ వ్యాను నా షెడ్డు గుమ్మమే తొక్కలేదు.

ఆ రోజు షెడ్డు దగ్గర నన్ను దింపుతూ ఆవిడ అడిగారు. "మరి నా కారుకేమైందండీ?"

తెలీదన్నాను. ఇప్పుడడిగినా అదే చెబుతాను.