మిస్టర్ వైట్లీ గుమ్మడికాయకు పెట్టిన గాటు

చేతిలో కత్తి, ఎదురుగా గుమ్మడికాయ, గుమ్మంలోకి రాబోతున్న వియ్యపురాలు. ఈ మూడూ ఒక్కచోట చేరితే కొంప ఎలా అంటుకుంటుందో చెబుతాను వినండి. విన్నాక తప్పు నాదో ఇంగ్లండు దేశానిదో మీరే తేల్చండి. నేనైతే ఇప్పటికీ ఇంగ్లండుదే అంటాను.

అమెరికాలోని చాండ్లర్‌లో మా అమ్మాయి సునీత ఇంట్లో దాని సీమంతం. వియ్యపురాలు రాజ్యలక్ష్మి గారు శాన్ రామన్ నుంచి దిగుతోంది. ఆవిడ లెక్కలో గుమ్మడికాయ దప్పళం లేనిది శుభకార్యమే కాదు. అదీ నిండు కాయకి మొదటి గాటు మగవాడే పెట్టాలి. కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఆడది గాటు పెట్టిందని తెలిసిందా, ఇక సునీతకి తుమ్ము వచ్చినా దగ్గు వచ్చినా పురిటిదాకా "మీ అమ్మ చేతి చలవే" అని దాన్ని దెప్పుతుంది. పడాల్సింది నేను కాదు, నా పిల్ల.

"గాటు పెట్టి పోవయ్యా" అంటే అల్లుడు "వచ్చాక చూద్దాం అత్తయ్యా" అంటూ తల్లిని తేవడానికి ఎయిర్‌పోర్ట్‌కి పోయాడు. ఇంట్లో మగపురుగు లేదు. పక్కింట్లో ఉన్నాడు, మిస్టర్ వైట్లీ.

ఇంగ్లండులో గొర్రెలు మేసే ఏదో చిన్న ఊరి ఆసుపత్రిలో జీవితమంతా పనిచేసి, రిటైరై కూతురి దగ్గరకొచ్చిన పెద్దాయన. అక్కడ ఏం పని చేశాడో నేను అడగలేదు. అడగడమెందుకు? వీధి వీధంతా మిస్టర్ అనే అంటుంది. మా చాండ్లర్‌లో పళ్ళు చూసేవాడికీ డాక్టర్ బోర్డే, కుక్కలకి సూది పొడిచేవాడికీ డాక్టర్ బోర్డే. ఈయన మిస్టర్. అంటే చీటీలు రాసిచ్చే గుమాస్తా అయి ఉంటాడని తేల్చేశాను. నా చదువు ఐదో తరగతే అయినా తీర్పులు మాత్రం హైకోర్టువి.

గోడ దగ్గర నిలబడి, "మిస్టర్! కమ్! పంప్‌కిన్ కట్! మై హౌస్ నో మ్యాన్!" అని కేకేశాను. పాపం, వెంటనే వచ్చాడు.

వచ్చి ఏం చేశాడనుకున్నారు? మోచేతుల దాకా చేతులు కడిగాడు. పెళ్ళికొడుకు కాళ్ళు కూడా ఎవరూ అంత శ్రద్ధగా కడగరు. కాయ చుట్టూ తిరిగాడు. వేలితో తట్టి చూశాడు. 

"విచ్ సైడ్, మేడమ్?"

"ఏ వైపైతేనేం నాయనా! ఎనీ సైడ్!"

జేబులోంచి పెన్ను తీసి కాయ మీద గీత గీశాడు. "ఓకే, మేడమ్?" అని నా అనుమతి అడిగాడు. ఓకే అన్నాక ఆ గీత వెంబడి తోలు మాత్రం తెగేలా వెంట్రుకంత గాటు పెట్టి, ఆగి, వంగి, అందులోకి చూశాడు. అవతల చింతపండు నానిపోయింది, అల్లుడు కారెక్కామని మెసేజ్ పెట్టాడు.

"ఇలా కోస్తే ఈ కాయ పుట్టబోయే బిడ్డ అన్నప్రాశనకి తెగుతుంది! మీ ఆసుపత్రిలో రోగులు బతికి బట్టకట్టారంటే మిమ్మల్ని కత్తి ముట్టుకోనివ్వకపోబట్టే!" అని తెలుగులో కడిగేశాను.

"థ్యాంక్ యూ" అన్నాడు.

ఆ మాటతో నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కత్తి లాక్కుని, "సీ మిస్టర్, కట్ లైక్ దిస్!" అని ఒక్క వేటు వేశాను. కాయ రెండు చెక్కలైంది. నా బొటనవేలు కూడా రెండు కాబోయి, ఏమనుకుందో ఆగింది.

నా అరుపుకి సునీత ఒక చేత్తో పొట్ట, ఒక చేత్తో చీర కుచ్చెళ్ళు పట్టుకుని మేడ దిగింది. అప్పటికే ఆయన నా చెయ్యి పైకెత్తి, గుడ్డతో నొక్కిపట్టి, కట్టు కట్టేస్తున్నాడు.

"ఈ గుమాస్తా వైద్యం నాకొద్దే! డాక్టర్ని పిలువు!"

"అమ్మా, ఆయనే డాక్టర్! సర్జన్! ఆ ఊళ్ళో సగం పొట్టలు ఆయన కోసి కుట్టినవే. సంతకి వెళ్తే రైతులు చొక్కాలెత్తి, కుట్టు ఎంత బాగా మానిందో చూడమని చూపించేవాళ్ళట!"

"మరి మిస్టర్ ఏంటే?"

"అక్కడ అంతేనమ్మా. సర్జన్ అయ్యాక డాక్టర్ తీసేసి మిస్టర్ అంటారు. అదే గౌరవం."

విన్నారా? ఎక్కడైనా మనిషి పైకొస్తే పేరుకి తోక తగిలిస్తారు గానీ ఉన్న తోక కోసేస్తారా? ఇంత చదువూ చదివించి గుమాస్తాలా కనిపించేలా వదిలేస్తే నాలాంటిది ఏమైపోవాలి?

నా కోపం తీరకముందే కారు ఆగింది. రాజ్యలక్ష్మి గారు చెప్పులు విడుస్తూనే వంటింట్లోకి తొంగిచూసింది.

"వదినగారూ, గుమ్మడికాయ ఎవరు కోశారు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. నేను బొటనవేలు కొంగులో దాచుకున్నాను. సునీత మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన వైపు తిరిగి అత్తగారి ప్రశ్న ఇంగ్లీషులో చెప్పింది. ఆయన కాయని చూశాడు, నా కొంగుని చూశాడు, నిదానంగా జవాబిచ్చాడు.

"మొదటి గాటు ఈ సర్జన్ గారిదేనట అత్తయ్యా" అంది సునీత, ఊపిరి పీల్చుకుని. "అమ్మ అసిస్టెంటట. కొంచెం తొందర మనిషట."

అబద్ధం ఎక్కడుంది? వెంట్రుకంతైనా గాటు గాటే కదా!

"సర్జన్ గారి చేత గాటు పెట్టించారా! మీ ముందుచూపే ముందుచూపు వదినగారూ" అని రాజ్యలక్ష్మి గారు మురిసిపోయి, ఆయన ఎదుట కుర్చీ లాక్కుని మోకాలు చూపించడం మొదలుపెట్టింది. దప్పళం దిగేదాకా లేవలేదు.

భోజనాల దగ్గర సునీత, నేను తెలుగులో తిట్టినదంతా ఆయనకి పూసగుచ్చినట్టు చెప్పేసింది. పిల్లలు మేడ మీద ఉన్నా చెవులు వంటింట్లోనే ఉంటాయి. ఆయన దప్పళం జుర్రుకుని పకపకా నవ్వాడు.

"మేడమ్ చెప్పింది నిజమే. నా పేషెంట్లు బతికింది, నేను మేడమ్‌లా కోయకపోబట్టే!"

అందుకే ఆ దప్పళం గిన్నె మీద చెయ్యేసి ప్రమాణం చేశాను. ఇక నా కంటబడ్డ ప్రతి మిస్టర్నీ డాక్టర్ గారూ అనే పిలుస్తాను, జన్మలో ఎవరి చేతిలోంచీ కత్తి లాక్కోను. మాట తప్పలేదు. మొన్న చెత్తబండి అతన్ని "హలో డాక్టర్" అని ఆపి, నా బొటనవేలి మచ్చ చూపించాను.

అతనూ నవ్వుతూ నాకు బొటనవేలు చూపించి వెళ్ళిపోయాడు.