మగ ఎలుకల సీసా

ఎనభైల మొదట్లో తిరుపతిలో జంతుశాస్త్ర పరిశోధన చేస్తున్నప్పుడు, నా పక్క బల్ల అమ్మాయిని చూసి కుళ్లుకున్నాను. ఇంతా అంతా కాదు. ఆమె క్యారియర్‌లోంచి వచ్చే రోట్లో నూరిన చెనక్కాయల ఊరిబిండి వాసన కూడా నాకు పడేది కాదు.

ఆమెది ఐరాల దగ్గర సేద్యగాళ్ల ఇల్లు. మాది గుడి కైంకర్యం చేసే ఇల్లు. గుడ్లు, ఎలుకలు ముట్టి వస్తానని, పెరటి వైపు నుంచి వచ్చి తలస్నానం చేస్తే గానీ మా అమ్మ లోపలికి రానిచ్చేది కాదు. ఇంత పడి చదివే నన్ను దాటి, ఏ అడ్డూ లేని ఆమె ముందుకు పోతుందేమోనని నా ఏడుపు.

మా పని ఇది. ఎనిమిది రోజులు పొదిగిన కోడిగుడ్డులోని పిల్ల వెన్ను పక్కనుంచి ఆవగింజ కన్నా చిన్న నరాల ముడి తీసి గాజుబిళ్ల మీద పెట్టాలి. తెల్ల చిట్టెలుక దవడ కింది గ్రంథిలో ఒక ప్రొటీన్ ఉంటుంది. నరకణానికి పెరగమని కబురు చెప్పేది అదే. ఆ గ్రంథి రసం ఒక చుక్క వేస్తే మర్నాటికి ముడి చుట్టూ సన్నటి పోగులు మొలవాలి. మెదడులో కణాలు పోగులు ఎలా సాచుకుంటాయో తెలుసుకోవడానికి అదొక దారి. ముందు మొలిపించి చూపినవాళ్లకే పీహెచ్‌డీకి ఆ విషయం ఇస్తానన్నారు మా గైడు సారు.

సారు మద్రాసు వెళ్లిన వారంలో ఆమెకు మొలిచాయి. మైక్రోస్కోపులో చూశాక నాకు కడుపు మండిపోయింది. నా ముడి మాత్రం గులకరాయిలా బోడిగా ఉంది. ఏదో దాస్తోందనుకున్నాను.

ఆమే నా దగ్గరికి వచ్చింది. “అక్కా, నువ్వు ఎప్పుడూ ఆడ ఎలకల్నే తీసుకుంటాండావు గదా? మొగవాటిలోనే అది శానా ఎక్కువ ఉంటాది. ఇంద, నా సీసాలోది వేసి సూడు.”

మగవి కొరుకుతాయని నేను సాధువైన ఆడవాటినే ఏరుకునేదాన్ని. వాటికీ వీటికీ తేడా ఉంటుందని తోచనే లేదు. ఆమె వేళ్లకు గాట్లు పడినప్పుడల్లా లోపల సంతోషించాను కూడా.

ఆమె రసంతో నా ముడి మర్నాటికే నిండుగా మొలిచింది. ఆ పొద్దునే ఆమె మా ఇద్దరికీ గుడ్లు తేవడానికి ఐరాల బస్సెక్కింది. ఆమె అటు వెళ్లగానే సారు మద్రాసు నుంచి వచ్చారు. నేనే పిలిచి చూపించాను.

“బలే మొలిచినాయే! ఈ రసం ఎవరు తీసినారమ్మా?”

“నేనే తీసినాను సార్.”

మధ్యాహ్నం ఆమె గడ్డి పరిచిన బుట్టతో వచ్చేసరికి ఆ పీహెచ్‌డీ విషయం నాకిచ్చేశానని సారు చెప్పారు. ఆమె నా వైపు చూసింది. తన సీసా సంగతి ఒక్క మాట ఎత్తలేదు. ఆ నిబ్బరం నాకెందుకు లేదని అప్పుడూ కుళ్లుకున్నాను.

సారు వెళ్లాక బుట్టలోంచి సగం గుడ్లు తీసి జాగ్రత్తగా నా బల్ల మీద పెట్టింది.

“ఇవి మీవండీ,” అంది.

పొద్దున బస్సెక్కేటప్పుడు కూడా నన్ను అక్కా అనే పిలిచింది.